గుర్రాల సంతానంలో మంద పాత్ర: ల్యాబ్‌లు, స్టడ్ ఫారాలు వదిలేస్తున్న సగం సంగతి

2023 మే నెలలో రాజస్థాన్‌లోని బికనేర్‌లో ఒక మార్వాడీ గుర్రపు పిల్ల పుట్టింది. పేరు రాజ్‌ప్రథమ. మోసి కన్నది ఒక గుర్రం, పిండం ఇంకో గుర్రానిది. మార్వాడీ జాతిలో పిండ మార్పిడితో పుట్టిన మొదటి పిల్ల ఇదే. అంతకు మూడేళ్ల ముందు, 2020 ఆగస్టులో, అమెరికాలోని టెక్సస్‌లో కర్ట్ అనే పిల్లను క్లోనింగ్‌తో పుట్టించారు. మంగోలియా అడవి గుర్రాల జాతికి చెందిన ఒక మగ గుర్రం కణాలను 1980లో గడ్డకట్టించి దాచి ఉంచితే, నలభై ఏళ్ల తర్వాత వాటి నుంచి వచ్చిన పిల్ల అది.

ఇలాంటి వార్తలు చదివితే గుర్రాలను పుట్టించడం ఇక పూర్తిగా ల్యాబ్ పని అనిపిస్తుంది. కానీ గుర్రాలు పెంచేవాళ్ల ఇబ్బందులు మాత్రం మారలేదు. ఎద సరిగ్గా తెలియడం లేదు, మగదానితో జతకట్టించి దాటించినా చూలు నిలవడం లేదు, మగ గుర్రం కరుస్తోంది, తల్లి పిల్లను పాలకు రానివ్వడం లేదు. వీటన్నిటికీ జవాబు హార్మోన్ ఇంజెక్షన్లలోనో వీర్యం నాణ్యతలోనో వెతకడం అలవాటైపోయింది. అక్కడ కొంత జవాబు ఉన్న మాట నిజమే, మిగతాది మాత్రం మందలో ఉంది.

క్లుప్తంగా

గుర్రాలు సహజంగా చిన్న చిన్న కుటుంబ గుంపుల్లో ఏడాది పొడవునా కలిసి బతుకుతాయి. ఆడ గుర్రాల మధ్య స్నేహాలు, మగ గుర్రంతో పాత పరిచయం, గుంపు నిలకడగా ఉండటం, ఇవన్నీ ఎన్ని పిల్లలు పుడతాయి, ఎన్ని బతుకుతాయి అనే దాని మీద ప్రభావం చూపిస్తాయి. ఆధునిక పెంపకం ఈ బంధాలను తెంచి, సంతానోత్పత్తిని విడివిడి జంతువుల మీద, క్యాలెండర్ మీద నడిపిస్తోంది. దాని ఖర్చు కొంత కనబడేది, కొంత కనబడనిది.

మందలో ఎవరెవరు ఉంటారు

మనిషి అదుపు లేకుండా తిరిగే గుర్రాలను న్యూజిలాండ్, ఫ్రాన్స్, అమెరికా, మంగోలియా, ఇలా ఎక్కడ గమనించినా అమరిక దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక మగ గుర్రం, కొన్ని ఆడ గుర్రాలు, వాటి పిల్లలు. ఇదొక కుటుంబ గుంపు. కొన్ని గుంపుల్లో రెండు మూడు మగవి కూడా ఉంటాయి. ఇలాంటి గుంపులు చాలా ఒకే ప్రాంతంలో, ఒకే నీటి గుంట చుట్టూ తిరుగుతుంటే దూరం నుంచి చూసేవాళ్లకు అదంతా ఒకే పెద్ద మందలా కనిపిస్తుంది. గుంపుకు తిరిగే ప్రాంతం ఉంటుంది కానీ గిరి గీసుకుని కాపలా కాసే హద్దు ఉండదు. మగ గుర్రం కాపాడుకునేది నేలను కాదు, తనతో ఉన్న గుర్రాలను.

ఆడది దొరకని మగ గుర్రాలు విడిగా ఒక గుంపు కడతాయి. వీటిని బ్రహ్మచారి గుంపులనొచ్చు. రెండు మూడేళ్ల వయసులో పుట్టిన గుంపు వదిలిన మగ పిల్లలు ఇక్కడ చేరి, ఉత్తుత్తి పోట్లాటలు ఆడుతూ, బెదిరించడం, వెనక్కి తగ్గడం, రాజీపడటం నేర్చుకుంటాయి. సొంత గుంపు కట్టే బలం చాలావాటికి అయిదారేళ్లకు గానీ రాదు.

గుర్రాల్లో ప్రత్యేకత ఏమిటంటే ఆడ పిల్లలు కూడా పుట్టిన గుంపు వదిలిపోతాయి. మొదటిసారి ఎదకు వచ్చే వయసులో చాలావరకు వేరే గుంపుకు మారతాయి. అందువల్ల తండ్రీ కూతుళ్లు, అన్నా చెల్లెళ్లు జతకట్టడం అరుదు. ఏనుగుల్లో ఇలా ఉండదు. అక్కడ అమ్మమ్మ, తల్లి, కూతురు ఒకే గుంపులో ఉండిపోతారు, మగవే బయటికి పోతాయి. ఏనుగుల గుంపును కట్టి ఉంచేది రక్తసంబంధం. గుర్రాల గుంపులో ఆడవి చాలావరకు ఒకదానికొకటి ఏమీ కావు. అయినా ఏళ్ల తరబడి కలిసే ఉంటాయి.

ఈ అమరిక ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే గుర్రానికి దగ్గరి బంధువులను చూడాలి. గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్‌లో ఉండే అడవి గాడిదల్లో బలమైన మగది ఒక ప్రాంతాన్ని పట్టుకుని కూర్చుంటుంది, ఆడవి మేత కోసం వస్తూ పోతూ ఉంటాయి, గట్టి గుంపు అంటూ ఉండదు. ఆఫ్రికాలోని గ్రేవీ జీబ్రాలదీ ఇదే పద్ధతి. అదే ఆఫ్రికాలో మైదానపు జీబ్రాలు మాత్రం గుర్రాల్లాగే కుటుంబాలు కడతాయి. తేడా మేతలో, నీటిలో ఉందన్నది శాస్త్రవేత్తల వివరణ. ఎండు ప్రాంతంలో మేత అక్కడక్కడా కొంచెం కొంచెం దొరుకుతుంది, పాలిచ్చే తల్లి నీటికి దగ్గరగా ఉండాలి, పాలివ్వనిది దూరం పోయి మేయగలదు, కాబట్టి ఆడవన్నీ ఒకచోట ఉండలేవు. గడ్డి మైదానంలో అందరికీ పక్కపక్కనే మేత దొరుకుతుంది. ఆడవి కలిసి ఉండగలిగిన చోట, వాటి వెంటే ఏడాదంతా ఉండటం మగదానికి లాభం.

మగ గుర్రమే నాయకుడనే అపోహ

సినిమాల్లో మంద ముందు జూలు ఎగరేస్తూ పరుగెత్తేది మగ గుర్రం. గమనించినవాళ్లు చెప్పేది వేరు. గుంపు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కదిలేటప్పుడు మొదటి అడుగు వేసేది ఒకసారి ఒక గుర్రం, ఇంకోసారి ఇంకో గుర్రం. తాఖీలుగా పిలిచే మంగోలియా అడవి గుర్రాల గుంపుల్లో కూడా బయల్దేరే నిర్ణయం ఒక్కదాని చేతిలో ఉండదనీ, కొన్ని గుర్రాలు అటు తిరగడం, కదలడం మొదలుపెట్టాక మిగతావి వెంట వస్తాయనీ పరిశోధనల్లో తేలింది. మగ గుర్రం ఎక్కువగా వెనక ఉండి, తల నేలకు దించి, చెవులు వెనక్కి అణచి, పాము కదిలినట్టు మెడ ఊపుతూ వెనకబడినవాటిని తోలుతుంది. ఇంకో మగది దగ్గరికి వస్తే మధ్యలోకి వెళ్లి నిలబడుతుంది. దీన్ని కాపలా పని అనాలి, పెత్తనం అనడం సరికాదు.

గుంపులో పెద్దా చిన్నా తేడా లేదని కాదు. నీటి దగ్గర ఎవరు ముందు తాగాలనే వరస ఉంటుంది, వయసు, ఆ గుంపులో ఎంతకాలంగా ఉంది అనేవి దాన్ని చాలావరకు తేలుస్తాయి. అయితే ఈ వరస నిలకడగా ఉన్న గుంపులో కొట్లాటలు చాలా తక్కువ. చెవి కాస్త వెనక్కి తిప్పితే చాలు, ఎదుటిది తప్పుకుంటుంది. గుర్రాల ముఖంలో 17 రకాల విడివిడి కదలికలు ఉన్నాయని 2015లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు గుర్తించి పట్టిక తయారుచేశారు. చిన్న సైగతో పని జరిగిపోతే పళ్లదాకా, డెక్కలదాకా పోవాల్సిన పనిలేదు. గుర్రాన్ని లొంగదీయాలంటే మనిషి దానికి మగ గుర్రంలా పెత్తనం చూపించాలని చెప్పే శిక్షణ పద్ధతులు ఇంకా ప్రచారంలో ఉన్నాయి. వాటికి గుర్రాల నిజమైన ప్రవర్తనలో ఆధారం లేదు, పైగా వాటివల్ల భయపడిన గుర్రం మరింత ప్రమాదకరంగా మారుతుంది.

ఆడ గుర్రాల స్నేహం, పిల్లల లెక్క

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో కైమనావా పర్వతాల దగ్గర అడవిగా మారిన గుర్రాలున్నాయి. 1990లలో ఎలిసా కామెరాన్, వేన్ లింక్‌లేటర్ బృందం ఏళ్ల తరబడి ఒక్కో గుర్రాన్ని గుర్తుపట్టి, ఎవరు ఎవరి పక్కన మేస్తున్నారు, ఎవరు ఎవరి మెడ గోకుతున్నారు అని రాసుకుంటూ పోయారు. 2009లో వచ్చిన వాళ్ల ఫలితాలు పెంపకందార్లందరూ చదవాల్సినవి. గుంపులో మిగతా ఆడ గుర్రాలతో బాగా కలిసిపోయిన తల్లులకు ఎక్కువ పిల్లలు పుట్టాయి, పుట్టిన పిల్లలు ఎక్కువగా బతికాయి. ఆ ఆడవి అక్కాచెల్లెళ్లు కావు. రక్తసంబంధం లేని స్నేహం పిల్లల సంఖ్యను పెంచడమనేది జంతువుల్లో అంత తేలికగా దొరికే రుజువు కాదు.

ఎలా జరుగుతుంది ఇది? ప్రధానంగా మగ గుర్రాల వేధింపు తగ్గడం వల్ల. స్నేహాలు లేని ఆడదాన్ని మగది ఎక్కువగా తోలుతుంది, ఎక్కువగా వెంటపడుతుంది. తోలిన ప్రతిసారీ మేత ఆగిపోతుంది. గుర్రం నెమరు వేసే జంతువు కాదు, దాని కడుపు చిన్నది, రోజులో సగానికి పైగా మేస్తూనే ఉండాలి. మేత గంటలు తగ్గితే ఒళ్లు తగ్గుతుంది, ఒళ్లు తగ్గిన ఆడది ఎదకు సరిగ్గా రాదు, వచ్చినా పాలు చాలవు.

మెడ గోక్కోవడం కూడా కాలక్షేపం కాదు. ఒక గుర్రం ఇంకోదాని మూపు దగ్గర, మెడ మొదట్లో పళ్లతో గోకుతుంది, రెండోదీ అదే సమయంలో దీన్ని గోకుతుంది. సరిగ్గా ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని, వేరే చోట గోకితే ఆ మార్పు కనబడదని ఫ్రాన్స్‌లో 1993లో చేసిన ప్రయోగంలో తేలింది. గుర్రాన్ని సముదాయించాలంటే మెడ మీద చరచడం కన్నా మూపు దగ్గర గోకడం మేలని చెప్పేది అందుకే.

ఎద, వెలుగు, పదకొండు నెలలు

ఆడ గుర్రం ఏడాదంతా ఎదకు రాదు. పగలు పొడవయ్యే కొద్దీ కంటి ద్వారా మెదడుకు చేరే వెలుగు పెరుగుతుంది, రాత్రిపూట తయారయ్యే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, అప్పుడు అండాశయాలను నడిపే హార్మోన్లు మేల్కొంటాయి. ఉత్తరార్ధగోళంలో వసంతం నుంచి వేసవి చివరిదాకా దాదాపు 21 రోజులకోసారి ఎద వస్తుంది, అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. అండం విడుదలయ్యేది ఎద చివర్లో, ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందు. మొదటి రోజుల్లో దాటిస్తే వీర్యం అండం కోసం ఎదురుచూడాలి, ఆలస్యం చేస్తే అండం పాడైపోతుంది. పెంపకందార్ల టెన్షన్ అంతా ఈ కొద్ది గంటల గురించే.

గర్భం సగటున 340 రోజులు, అంటే పదకొండు నెలలు. ఇందులో ఒక చిక్కు ఉంది. వచ్చే ఏడాది కూడా అదే పచ్చగడ్డి కాలంలో ఈనాలంటే, ఈనిన తర్వాత 25 రోజుల్లోపే మళ్లీ చూలు కట్టాలి. అందుకే ఆడ గుర్రానికి ఈనిన వారం పది రోజుల్లోనే మళ్లీ ఎద వస్తుంది. పాలిస్తున్న గేదె నెలల తరబడి ఎదకు రాకపోవడం చూసే మన రైతులకు ఇది వింతగా ఉంటుంది. పక్కనే మగ గుర్రం ఏడాదంతా ఉండే గుంపులోనే ఈ ఏర్పాటుకు అర్థం ఉంది.

గుంపులో మగ గుర్రం ప్రతి ఆడదాని మూత్రం, లద్దె వాసన చూస్తూ తిరుగుతుంది. పై పెదవి పైకి మడిచి, మెడ చాచి నిలబడటం చూసినవాళ్లు నవ్వుతోందనుకుంటారు. నిజానికి ఆ వాసనను ముక్కు లోపల ఉన్న ప్రత్యేక అవయవానికి పంపిస్తోంది. తర్వాత ఆ చోట తనూ మూత్రం పోసి వెళ్తుంది. ఇలా రోజూ వివరం తెలుస్తూ ఉండటంతో ఎద ఎప్పుడు మొదలైందో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, స్వేచ్ఛగా ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లేది చాలాసార్లు ఆడదే. మగదాని చుట్టూ తిరిగి, వెనక భాగం దానివైపు పెట్టి, తోక పక్కకు తీసి నిలబడుతుంది. ఇష్టం లేనప్పుడు తన్ని పంపేస్తుంది, మగది తగ్గి పక్కకు పోతుంది. తగ్గడం తెలియని మగది దెబ్బలు తింటుంది, ఆ పాఠం చిన్నప్పుడే నేర్చుకోవాలి.

స్టడ్ ఫారంలో ఏం మారింది

ఇప్పుడు స్టడ్ ఫారాల్లో, అంటే గుర్రాలను జతకట్టించి పిల్లల్ని పుట్టించే చోట్ల, పందెపు గుర్రాల పెంపకం చూద్దాం. థరోబ్రెడ్ జాతి గుర్రాలన్నిటికీ ఉత్తరార్ధగోళంలో జనవరి 1 పుట్టినరోజు, దక్షిణార్ధగోళంలో ఆస్ట్రేలియా లాంటి చోట్ల ఆగస్టు 1. మన దేశంలోనూ జనవరి 1 లెక్కే. హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్సులో పరుగెత్తే రెండేళ్ల గుర్రం నిజంగా జనవరిలో పుట్టిందా, మేలో పుట్టిందా అన్నదానితో సంబంధం లేకుండా ఒకే వయసు కింద లెక్క. రెండేళ్ల వయసులో నాలుగు నెలల పెద్దరికం అంటే కండలో, ఎముకలో పెద్ద తేడా. కాబట్టి అందరూ పిల్లలు జనవరి, ఫిబ్రవరిలోనే పుట్టాలని కోరుకుంటారు. ప్రకృతి కోరుకునేదేమో గడ్డి బాగా ఎదిగే కాలాన్ని.

ఈ రెంటికీ మధ్య తేడాను కరెంటు దీపాలతో పూడుస్తారు. చలికాలం మొదట్లోనే ఆడ గుర్రాలను రోజుకు 16 గంటల వెలుగులో ఉంచితే, సుమారు రెండు నెలల్లో వాటి ఒంట్లో వసంతం మొదలవుతుంది. ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది కూడా. కాకపోతే దీపాల కోసం చాలాచోట్ల ఆడవాటిని గుర్రపు సాలల్లో విడివిడి గదుల్లో పెట్టాల్సి వస్తుంది, ఆరుబయట గుంపుగా తిరిగే గంటలు తగ్గుతాయి.

థరోబ్రెడ్‌లో ఇంకో నియమం ఉంది. కృత్రిమ గర్భధారణ, పిండ మార్పిడి, క్లోనింగ్, వీటితో పుట్టిన పిల్లను ప్రపంచంలో ఎక్కడా థరోబ్రెడ్‌గా నమోదు చేయరు. మగ గుర్రం స్వయంగా దాటాలి. సహజం అనిపించే ఈ నియమం అమలయ్యే తీరు మాత్రం సహజానికి చాలా దూరం. ఆడదాన్ని లారీలో ఎక్కించి వేరే ఫారానికి తెస్తారు. ముందుగా టీజర్ అనే మగ గుర్రాన్ని అడ్డగోడకు అటువైపు నిలబెట్టి ఎద ఉందో లేదో చూస్తారు, ఆ టీజర్‌కు దాటే అవకాశం ఇవ్వరు. తర్వాత ఖరీదైన మగ గుర్రానికి దెబ్బ తగలకుండా ఆడదాని కాళ్లకు కట్లు వేసి, అవసరమైతే పై పెదవికి తాడు మెలేసి పట్టుకుని, కొద్ది నిమిషాల్లో పని పూర్తి చేయిస్తారు. ముక్కూ మొహం తెలియని రెండు గుర్రాలు, మధ్యలో నలుగురు మనుషులు. ఆడదాని ఇష్టాయిష్టాలు చెప్పే సైగలన్నీ ఇక్కడ అడ్డంకులుగానే లెక్క.

ఒక పేరున్న మగ గుర్రం ఒక సీజన్‌లో వందకు పైగా ఆడవాటిని దాటడం ఇప్పుడు మామూలే. అడవిలో దాని గుంపులో ఉండేవి నాలుగో ఆరో. కొన్ని మగ గుర్రాలను ఉత్తరార్ధగోళం సీజన్ అయిపోగానే విమానంలో ఆస్ట్రేలియా పంపి అక్కడ ఇంకో సీజన్ దాటిస్తారు. దీనివల్ల జన్యువుల వైవిధ్యం తగ్గిపోతోందనే ఆందోళనతో అమెరికాలో థరోబ్రెడ్‌లను నమోదు చేసే జాకీ క్లబ్ 2020లో ఒక నియమం పెట్టింది. 2020లోనూ ఆ తర్వాతా పుట్టిన మగ గుర్రాలు ఏడాదికి 140కి మించి ఆడవాటిని దాటకూడదని. పెంపకందార్లు కోర్టుకెక్కారు, 2022 ఫిబ్రవరిలో క్లబ్ ఆ నియమాన్ని వెనక్కి తీసుకుంది. ఈ జాతి మగ వంశాలన్నీ ముగ్గురు మూలపురుషుల దగ్గరికే పోతాయని, అందులోనూ అత్యధికం డార్లీ అరేబియన్ అనే ఒక్క గుర్రానివేనని గుర్తుంచుకుంటే ఆ ఆందోళన చిన్నదేమీ కాదు.

మగ గుర్రం జీవితం మీద పడే భారం కూడా చూడాలి. ఆడ గుంపు ఉన్న మగదానిలో టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్ ఎక్కువ, బ్రహ్మచారి గుంపులో ఉన్నదానిలో తక్కువ. ఆడ గుంపును పోగొట్టుకున్న మగదానిలో అది పడిపోతుంది, ప్రవర్తనా మెత్తబడుతుంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన స్యూ మెక్‌డొనెల్ పోనీల మంద మీద చేసిన పరిశీలనలు దీన్ని స్పష్టంగా చూపించాయి. అంటే చుట్టూ ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఒంట్లో హార్మోన్లు మారతాయి. ఒంటరి గదిలో బంధించిన మగ గుర్రంలో కోరిక తగ్గితే ఇంజెక్షన్ వెతికే ముందు దాన్ని ఎక్కడ, ఎవరి పక్కన కట్టారో చూడాలనడానికి ఇదే ఆధారం. ఒంటరిగా ఎక్కువసేపు ఉంచిన గుర్రాలు చెక్క కొరికి గాలి మింగడం, గుమ్మం దగ్గర అటూ ఇటూ ఊగడం లాంటి ఆగని అలవాట్లు పట్టేస్తాయి.

చూలు నిలవకపోవడంలో వివాదం

ఈ విషయంలో శాస్త్రవేత్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. 1983లో జోయెల్ బెర్గర్ అమెరికాలోని నెవాడా గుర్రాలను గమనించి, కొత్త మగది గుంపును పట్టుకున్నప్పుడు చూలుతో ఉన్న ఆడవి గర్భం పోగొట్టుకుంటున్నాయని రాశారు. ఇతర మందల్లో చూసినవాళ్లకు అది కనబడలేదు. 2011లో చెక్ రిపబ్లిక్ పరిశోధకులు పెంపుడు గుర్రాల రికార్డులు తీసి చూశారు. బయటి ఫారానికి తీసుకెళ్లి దాటించి తెచ్చిన ఆడవి, ఇంటి దగ్గర వేరే మగ గుర్రం ఉన్నప్పుడు, ఎక్కువగా గర్భం పోగొట్టుకున్నాయని వాళ్లు చెప్పారు. ఆ మగదానితో కూడా కలిసే అవకాశం ఉన్నచోట నష్టం తక్కువట.

వాళ్ల వివరణ ఇది. గుర్రాల్లో మగది తనది కాని పిల్లను చంపడం అరుదే కానీ లేకపోలేదు. ఆడది పదకొండు నెలలు మోసి కన్నాక పిల్లను పోగొట్టుకోవడం కన్నా ముందే నష్టాన్ని తగ్గించుకోవడం, లేదా ఇంటి మగదానితో కలిసి తండ్రి ఎవరో దానికి తెలియకుండా చేయడం, రెండూ పిల్లల్ని కాపాడుకునే దారులే. వినడానికి బాగున్నా, ఇది రికార్డుల మీద ఆధారపడిన పరిశీలన, ప్రయోగం కాదు. లారీ ప్రయాణం, కొత్త చోటు, ఇన్ఫెక్షన్ లాంటి కారణాలను పూర్తిగా విడదీయడం కష్టం. కాబట్టి చూలు పోయిన ప్రతిసారీ మందను తప్పుపట్టలేం. ఇన్ఫెక్షన్, కవల పిండాలు, తల్లి వయసు, ఇవి ముందు చూడాల్సినవి. కవలల్ని గుర్రం చాలావరకు మోయలేదు, అందుకే పశువైద్యులు రెండు వారాల సమయంలోనే స్కాన్ చేసి రెండో పిండాన్ని తీసేస్తారు. ఇవేవీ తేలనప్పుడు మాత్రం, దాటించి తెచ్చాక ఆడదాన్ని కొత్త గుంపులో కలిపారా, పాత నేస్తాల నుంచి విడదీశారా అన్న ప్రశ్న వేయడం న్యాయమే. దానికి ఖర్చు కూడా లేదు.

పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుంటుంది

ఆడ గుర్రం ఎక్కువగా రాత్రిపూట ఈనుతుంది. పిల్ల గంటలో లేచి నిలబడాలి, రెండు గంటల్లో పాలు తాగాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. పశువైద్యులు చెప్పే ఈ లెక్కలో ఏది ఆలస్యమైనా పిలుపు వెళ్లాలి. గుర్రం మాయ గుండా రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు, అదంతా ముర్రుపాల నుంచే రావాలి, అదీ మొదటి రోజులోనే, ఎంత ముందైతే అంత మంచిది.

తర్వాతి పాఠాలు గుంపువి. పెద్ద గుర్రం దగ్గరికి వెళ్తూ పిల్ల నోరు తెరిచి పళ్లు టకటకలాడిస్తుంది. ఏ వయసు పిల్లతో ఎంత గట్టిగా ఆడొచ్చు, ఏ చెవి కదలికకు ఆగిపోవాలి అన్నవి తోటి పిల్లలతో, పెద్దవాటితో మెలిగితేనే వస్తాయి. మందలో తల్లి తొమ్మిది పది నెలలకు, తర్వాతి కాన్పు దగ్గరపడేటప్పుడు పాలు మాన్పిస్తుంది, ఆ తర్వాత కూడా పిల్ల దాని పక్కనే తిరుగుతుంది. ఫారాల్లో నాలుగు నుంచి ఆరు నెలలకే ఒక్కరోజులో తల్లినీ పిల్లనూ విడదీస్తారు. కొన్ని పిల్లలు ఆ దెబ్బతోనే చెక్క కొరకడం మొదలుపెడతాయి.

కర్ట్ కథ ఇక్కడే ముఖ్యమవుతుంది. క్లోన్ చేసిన ఆ పిల్ల తాఖీ, మోసి కన్నది మాత్రం పెంపుడు గుర్రం. పెంపుడు గుర్రంలో 64 క్రోమోజోములు, తాఖీలో 66. జన్యువుల పరంగా కర్ట్ విలువ చాలా ఎక్కువ, ఎందుకంటే నేటి తాఖీలన్నీ అడవి నుంచి పట్టి తెచ్చిన పన్నెండు గుర్రాల సంతానం, కర్ట్ కణాలిచ్చిన గుర్రంలో మిగతావాటిలో తగ్గిపోయిన వైవిధ్యం ఉంది. కానీ తాఖీల మధ్య పెరగని మగది రేపు తాఖీ ఆడవాటి దగ్గరికి ఎలా వెళ్తుంది? అందుకే అమెరికాలోని శాండియాగో జంతుశాలవాళ్లు తమ మందలో పుట్టి పెరిగిన హాలీ అనే ఆడ తాఖీని దానికి జోడుగా ఇచ్చారు. జతకట్టడం కోసం కాదు, తాఖీల మర్యాదలు నేర్పడం కోసం. కణం నుంచి గుర్రాన్ని తయారుచేయగల సంస్థలే ఈ పాఠం ల్యాబ్‌లో చెప్పలేమని ఒప్పుకున్నాయన్నమాట.

సంతానం ఆపినా మంద మారుతుంది

దీన్ని తిరగేసి చూస్తే కూడా అదే సంగతి తేలుతుంది. అమెరికా తూర్పు తీరంలోని అస్సాటీగ్ దీవిలో గుర్రాలు మితిమీరకుండా 1994 నుంచి ఏళ్ల తరబడి ఆడవాటికి పీజెడ్‌పీ అనే టీకాను దూరం నుంచి బాణంలా కొట్టారు. పంది అండం పైపొర నుంచి తీసిన ప్రోటీన్ అది. దాంతో వచ్చే యాంటీబాడీలు గుర్రం అండానికి వీర్యకణం అంటుకోకుండా అడ్డుపడతాయి. కాన్పుల భారం తగ్గిన ఆడవి బాగా ఒళ్లు చేసి, చాలా ఎక్కువ ఏళ్లు బతికాయి. జనాభా అదుపులోకి వచ్చింది. పట్టి వేలం వేయడం, కంచెల్లో బంధించడం కన్నా ఇది మెరుగైన పద్ధతనే చెప్పాలి.

అయితే నార్త్ కరోలైనాలోని షాకిల్‌ఫర్డ్ దీవిలో గమనించినవాళ్లకు ఇంకో మార్పు కనబడింది. టీకా వేసిన ఆడవి గుంపులు ఎక్కువగా మారుతున్నాయి. చూలు కట్టని ఆడది మళ్లీ మళ్లీ ఎదకు వస్తుంది, మగది మళ్లీ మళ్లీ వెంటపడుతుంది, పిల్ల లేదు కాబట్టి అదే గుంపులో ఉండిపోవాల్సిన కారణమూ తగ్గుతుంది. ఒక ఆడది వెళ్లిపోతే దాని స్నేహితురాళ్లకు కూడా తోడు పోతుంది. టీకా పనిచేసింది ఒక జంతువు అండం మీద, ఫలితం కనబడింది గుంపు మొత్తంలో.

మన దేశంలో పరిస్థితి

2019 పశుగణనలో దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. 2012లో 6.25 లక్షలు ఉండేవి. ఏడేళ్లలో 45 శాతం పడిపోవడానికి ప్రధాన కారణం ప్రవర్తన కాదు, గుర్రపు బండ్ల పని పోవడం, మేత ఖర్చు పెరగడం. మిగిలినవి ఎలా బతుకుతున్నాయి అన్నదే ఇక్కడ ప్రశ్న. పెళ్లి ఊరేగింపులకు, సవారీకి పెంచే గుర్రాలు చాలాచోట్ల ఒకటో రెండో ఉంటాయి, అగాడి పిచ్చాడి తాళ్లతో ముందూ వెనకా కట్టేసి. పక్క గుర్రం కనబడుతుంది, అందదు. మగ పిల్లలు బ్రహ్మచారి గుంపులో నేర్చుకోవాల్సినవేవీ నేర్చుకోకుండానే ఎదుగుతాయి, ఒకనాడు ఆడదాని ముందు నిలబెడితే కరవడమో, గాభరా పడటమో చేస్తాయి. దాన్ని జాతి పొగరు అనేస్తారు.

దక్షిణాదిలో గుర్రాలను పుట్టించుకోలేక కొనుక్కోవడం పాత కథే. 13వ శతాబ్దంలో దక్షిణ తీరానికి వచ్చిన మార్కో పోలో, ఇక్కడ మేలైన గుర్రాలను జతచేసినా వంకర కాళ్ల పిల్లలే పుడుతున్నాయని రాశాడు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, విజయనగర రాజు ఏటా పర్షియా గల్ఫ్‌లోని హోర్ముజ్ రేవు నుంచి వచ్చే గుర్రాలు, నాటువి కలిపి 13 వేలు కొనేవాడని రాశాడు. దీనికి వాతావరణాన్నే తప్పుపడుతుంటారు. మేత, లవణాలు, రోగాల పాత్ర నిజమే. పగటి వెలుగు కూడా ఇక్కడ పెద్దగా మారదు. హైదరాబాద్‌లో అతి చిన్న పగటికీ అతి పెద్ద పగటికీ తేడా రెండు గంటల పైచిలుకు మాత్రమే, కాబట్టి ఎదకు కాలం అంత స్పష్టంగా ఉండదు. వీటితోపాటు ఓడ దిగిన యుద్ధపు గుర్రాలు నేరుగా సాలల్లోకి పోయేవి తప్ప, మైదానంలో తరతరాలుగా నిలిచే గుంపులుగా మారే వీలు లేకపోవడం కూడా ఒక కారణం అయి ఉండే అవకాశం ఎక్కువ. ఎందుకంటే అదే దక్కనులో, భీమా నది పరిసరాల్లో, పెద్ద సాలలు లేని ధన్‌గర్ గొర్రెల కాపర్లు భీమ్‌థడి పోనీలను గొర్రెల మందలతోపాటు తిప్పుతూ పెంచుకుంటూ వచ్చారు. మరాఠా సైన్యాలు ఆ పోనీల మీద స్వారీ చేశాయి. అవి ఇటీవలే ప్రత్యేక జాతిగా గుర్తింపు పొందాయి.

జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం చేస్తున్న పిండ మార్పిడి, గడ్డకట్టించిన వీర్యం పనులు అవసరమైనవే. మేలైన ఆడ గుర్రం జీవితంలో కనగలిగే కొద్దిపాటి పిల్లల సంఖ్యను అవి పెంచుతాయి, జాతి లక్షణాలను దాచిపెడతాయి. అవి చేయలేనిది, పుట్టిన పిల్లకు తోటి పిల్లల్ని ఇవ్వడం. పెంపకందారు చేయగలిగినవి మాత్రం కొన్ని ఉన్నాయి. చూలు గుర్రాలను ఏడాదంతా ఒకే జట్టుగా ఉంచడం, దాటించడానికి తీసుకెళ్లేటప్పుడు ఒక నేస్తాన్ని వెంట పంపడం, పాలు మాన్పించేటప్పుడు తల్లుల్ని ఒక్కొక్కటిగా తీసి పిల్లల దగ్గర ఒక నెమ్మదైన పెద్ద గుర్రాన్ని వదలడం, మగ పిల్లల్ని రెండేళ్లు వచ్చేదాకా కలిపి తిరగనివ్వడం. వీటికి కావలసింది ఎక్కువగా స్థలం. గడ్డి బీళ్లు లేఅవుట్లుగా, చేలుగా మారిపోతున్న కొద్దీ ముందు కరువయ్యేది అదే కాబట్టి, ఇకపై దేశీ గుర్రపు జాతుల రక్షణ పథకాల్లో వీర్యం బ్యాంకుకు ఎంత కేటాయిస్తున్నారు అనే దానితోపాటు మందగా మేపడానికి ఎన్ని ఎకరాలు ఉంచుతున్నారు అన్నది కూడా అడగాల్సి వస్తుంది.